మేనకోడలి వాటా

మూయకండి. మూయకండి అంటే మళ్ళీ మూస్తారేం మాస్టరుగారూ? మీకంటే చంటిపిల్లలు నయం. ఇంకొంచెం తెరవండి... ఇంకొంచెం... ఆఁ, అదీ. అబ్బ, ఇంత పుచ్చు పెట్టుకుని ఇన్నాళ్ళూ ఎలా తిరిగారండీ? మీ బేకరీ ఎదురుగానే పళ్ళ డాక్టరు బోర్డు ఉంది. మధ్యలో ఉన్నది ఒక్క వీధి. అది దాటడానికి బుగ్గ బన్నులా పొంగేదాకా ఆగాలా?

మాట్లాడకండి, అద్దం మింగేస్తారు.

నొప్పి పుడితే ఎడమచెయ్యి ఎత్తండి. నొప్పి పుడితేనే సుమండీ. నాతో వాదించడానికి ఎత్తితే చెల్లదు. ఇప్పుడు మత్తుసూది. చీమ కుట్టినట్టు ఉంటుందని అందరికీ చెప్తాను. మీకెందుకు అబద్ధం, కాస్త పెద్ద చీమే... అయిపోయింది, అయిపోయింది. దవడ మొద్దుబారేదాకా కాసేపు ఆగుదాం. ఈ దూది ఉండ ఇక్కడ, ఇంకోటి ఇక్కడ. అలాగే పడుకోండి.

నర్సు భోజనానికి వెళ్ళింది. బయట బెంచీ మీద ఎవరూ లేరు. ఇక నేను మాట్లాడతాను, మీరు వింటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు కదా. మా వృత్తిలో ఉన్న సుఖమల్లా అదే, ఎదుటి మనిషి నోటినిండా మన సామానే ఉంటుంది.

పొద్దున నర్సు ఒక వార్త మోసుకొచ్చింది. సాయంత్రం మీరు కొట్టు తాళాలు బాత్రూం సామాన్ల వ్యాపారి చేతిలో పెట్టేస్తున్నారట. కేకులుండే గాజు అల్మరాలో కుళాయిలు పెడతాడట. ఐస్‌క్రీం పెట్టె ఉన్న చోట... వద్దులెండి. తినబోతూ తలుచుకోవాల్సిన వస్తువు కాదది.

ఎందుకట అని అడిగాను. "మాస్టరుగారి చేతిలో రుచి పోయిందటండీ. ఎవరో అన్న మాట కాదు, ఆయనే అంటున్నారు. ఇన్నేళ్ళు మంచి సరుకు అమ్మి ఇప్పుడు నాసిరకం అమ్మలేను, పరువుగా మూసేస్తాను అన్నారట" అంది.

అది విన్నప్పటి నుంచీ నాకు పని మీద మనసు నిలవలేదు. మీరు ఈ డబ్బా పట్టుకుని, బుగ్గ పట్టుకుని, మెట్లెక్కి వచ్చారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ తెల్లకోటుతోనే వీధి దాటి వచ్చేదాన్ని.

డబ్బా అంటే గుర్తొచ్చింది. గ్లౌజులు తీసేస్తున్నాను. మళ్ళీ కొత్తవి వేసుకుంటాలెండి.

ఆహా. ఇది ఆఖరి వాయి అన్నారు కదూ? పఫ్‌లు, కేకు, బాదం బిస్కెట్లు. ముందు పఫ్. చూడండి, కొరక్కముందే ఎలా రాలుతోందో. పైన చక్కెర కరిగి అద్దంలా కట్టింది. కింద పొరలు, పొరల మధ్య గాలి, గాలి నిండా వెన్న వాసన. ఊఁ... ఉండండి. కాసేపు నేనూ మాట్లాడలేను.

ఏమిటలా గుడ్లు మిటకరిస్తారు? పళ్ళ డాక్టరు తీపి తినకూడదని ఏ శాస్త్రంలో ఉంది?

ఉంది, మా నాన్న శాస్త్రంలో ఉంది. మీ తల వెనక గోడ మీద ఆయన రాయించిన బోర్డే, 'తీపి తగ్గించండి, పళ్ళు దక్కించుకోండి' అని. ఈ కుర్చీ ఆయనదే, ఈ దీపం ఆయనదే. మా ఇంట్లో పంచదార డబ్బాకి తాళం ఉండేదంటే నమ్ముతారా? నా పుట్టినరోజుకి యాపిల్ పండుకి కొవ్వొత్తి గుచ్చేవారు. ఊదాక ఆ పండుని ముక్కలు కోసి అందరికీ పంచేవారు. చుట్టుపక్కల పిల్లలు ఒక ఏడు వచ్చారు, మరుసటి ఏడు రాలేదు.

నేను ఐస్‌క్రీం మొదటిసారి తిన్నది కాలేజీ హాస్టల్లో చేరాక. వెనిలా. ఒక చెంచా నోట్లో పెట్టుకుని రోడ్డు పక్కన అలాగే నిలబడిపోయాను. సంతోషం వచ్చిందనుకుంటున్నారా? కోపం వచ్చిందండీ. లోకమంతా ఇది తింటూ నాతో ఒక్కమాట చెప్పలేదే అని.

చదువు అయ్యాక ఇక్కడికే వచ్చి ఈ కుర్చీ పక్కన నిలబడ్డాను. కొద్ది నెలలకే ఎదురుగా మీరు బేకరీ తెరిచారు. మీ కొట్టు మొహం అవతలి వీధి వైపున్నా, వెనకతలుపు మాత్రం తిన్నగా నా కిటికీలోకి చూస్తుంది. పొద్దున మీ పొయ్యి తలుపు తీసే వేళకి నేనిక్కడ ఎవరి నోట్లోనో తల దూర్చి ఉంటాను. వెన్న వాసన వీధి దాటి వచ్చేస్తుంది. నోరు తెరిచింది పేషెంటు, నీళ్ళూరేది నాకు.

వెళ్ళి కొనుక్కోవచ్చు కదా అంటారు. ఎలా కొనను? పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నేను ఊరందరికీ తీపి మానమని చెప్తాను. మీ కొట్టు ముందు నిలబడే వాళ్ళలో సగం మంది నా పేషెంట్లే. నన్ను చూసి తేలు కుట్టిన దొంగల్లా పొట్లం వెనక్కి దాచుకుంటారు. వాళ్ళ మధ్య వరసలో నిలబడి రెండు క్రీం బన్నులు ఇవ్వండి అని అడగగలనా?

అందుకని మేనకోడల్ని పుట్టించాను.

అవునండీ. మా నర్సు రోజూ వచ్చి 'డాక్టరుగారి మేనకోడలికి' అని పట్టుకెళ్ళేది చూడండి, ఆ పాపే. నాకు అన్నయ్యా లేడు, తమ్ముడూ లేడు. మేనకోడలు ఎక్కణ్ణుంచి వస్తుంది? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఇన్నేళ్ళూ ఆ గదిలో తలుపేసుకుని తిన్నది నేనే. మీరు ఒకసారి పాపకి ఎన్నేళ్ళని అడిగితే నర్సు తడుముకోకుండా ఆరు అందట. తర్వాత ఎప్పుడడిగినా ఆరే. నర్సుకి మనవడు పుట్టాడు, మీ కొట్టుకి రెండుసార్లు రంగులు మారాయి, మా పాపకి మాత్రం ఆరేళ్ళు దాటలేదు.

చెయ్యి ఎత్తారేం? నొప్పా? కాదూ? మరి దించండి. నవ్వడానికి కూడా ఎత్తకూడదు, దూది జారుతుంది.

మొద్దుబారిందా? ఇక్కడ నొక్కితే తెలుస్తోందా? ఇక్కడ? సరే, గ్లౌజులు వేసుకున్నాను. ఇప్పుడు మిషన్ పెడతాను. ఈ రొదలో నేనేం చెప్పినా మీకు వినబడదు, కాబట్టి ఊరుకుంటాను. కళ్ళు మూసుకోండి. మంచి విషయం ఏదైనా తలుచుకోండి.

...

అయ్యో, చెమటలు పట్టాయేం? ఇదిగో, తుడుస్తానుండండి. పీకే పని లేదు. పుచ్చంతా తీసేశాను, లోపల మందు పెట్టి మూత వేశాను. దూది మాత్రం ఉంచాలి. మందు ఆరాలి కదా. కదలకండి.

ఇప్పుడు అసలు సంగతి వినండి.

నాకు ఏది పడితే అది పనికిరాదు మాస్టరుగారూ. ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్ళకి పట్టింపు ఎక్కువ. క్రీం అంటే నాలుక మీద పెట్టగానే మాయమైపోవాలి, అంగిలికి కొవ్వొత్తి పూసినట్టు ఉండిపోకూడదు. కేకు చేత్తో నొక్కితే మళ్ళీ లేవాలి. మీ కేరమెల్ ఉంది చూశారా, చేదు గడప దాకా వెళ్ళి అక్కడ ఆగిపోతుంది. ఇంకొక్క క్షణం ఉంటే మాడు, ఒక్క క్షణం ముందు దింపితే ఉత్త పంచదార పాకం. ఆ గడప మీద నిలబెట్టడం మీకు తప్ప ఎవరికీ రాదు. నేను వేరే ఊళ్ళలో మీటింగులకి వెళ్ళినప్పుడు తిని చూశాను. అందరూ ముందే దింపేస్తారు.

అటువంటిది, కొన్నాళ్ళ క్రితం మీ బాదం బిస్కెట్టు కొరికితే చప్పుడు రాలేదు.

మెత్తగా ఉంది. సరే, వానపట్టింది, గాలికి మెత్తబడిందేమో అనుకున్నాను. మర్నాడూ మెత్తగానే ఉంది. ఆ వారంలోనే కేరమెల్ పాలిపోయింది. చేదు గడప చాలా దూరాన ఉండగానే దింపేశారు. పళ్ళకి అంటుకుంది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఆ తర్వాత ఐస్‌క్రీం. అదండీ మిమ్మల్ని పట్టించింది. చప్పగా ఉంది. చెంచా దిగడం లేదు, దిగితే మంచు పలుకులు. మీ ఐస్‌క్రీంలో మంచు పలుకులా? ఆ రోజు రాత్రి అన్నం తినలేదు. కడుపు నిండి కాదు, ఆలోచనతో. ఈ మనిషి చక్కెర ఎందుకు తగ్గించాడు? చక్కెర తగ్గితేనే కదా అది రాయిలా గడ్డకట్టేది. ఎందుకు తగ్గిస్తాడు? తీపి ఎక్కువైందని అనిపించి ఉంటుంది. ఎందుకనిపిస్తుంది? గడ్డకట్టాక కాకుండా కరిగించి రుచి చూసి ఉంటాడు. చల్లగా ఉంటే నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది, కరిగితే ఎక్కువ తెలుస్తుంది. మరి జన్మంతా గడ్డకట్టాకే రుచి చూసే మనిషి ఇప్పుడు కరిగించి ఎందుకు చూస్తున్నాడు?

చల్లటిది పంటికి తగిలితే ప్రాణం పోతోంది కాబట్టి!

బిస్కెట్టు కొరకలేరు, అందుకే మీ పంటికి సరిపోయేంత మెత్తగా కాల్చి సరిగ్గా ఉందనుకుంటున్నారు. కేరమెల్ పెళుసుగా కట్టిన ముక్క నమిలి చూసేవారు, అదీ మానేశారు. నేను మీ నోరు ఇవాళ చూశాను కానీ, మీ పన్ను పుచ్చిందని ఐస్‌క్రీం తినే కనిపెట్టాను. కింద దవడ, ఎడమవైపు, చివర పన్ను అని కూడా చెప్పగలిగాను. అంత గొప్పేం కాదులెండి, మర్నాడు కిటికీలోంచి చూస్తే మీరు ఎడమబుగ్గ పట్టుకుని పిండి కలుపుతున్నారు.

పళ్ళు ఉచితంగా చూస్తాం రమ్మని నర్సుతో కబురు పెట్టాను. రాలేదు. మీరు అందరికీ మంచివారే, మీ పంటికి తప్ప.

మళ్ళీ చెయ్యి ఎత్తారు. వాదించడానికేనా? నాకు తెలుసు మీరేమంటారో. వయసైపోయింది, చేతిలో రుచి పోయింది, పన్ను ఒక వంక అంటారు. అంతేనా?

సరే. గ్లౌజులు మళ్ళీ తీస్తున్నాను. ఇదిగో మీ బాదం బిస్కెట్టు. వినండి. చప్పుడు వచ్చిందా? రాలేదు. ఇందాక తిన్న పఫ్ మాటేమిటి? అది రాలిన తీరు మీరే చూశారు, నా కోటు చూడండి, ఎవరో మంచు చల్లినట్టుంది. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ రాలేదు. ఎందుకొచ్చింది? పఫ్‌కి రుచి చూసేదేముంది, పిండి మడత, వెన్న మడత, అంతా చేతి పనే. చేత్తో చేసింది చెక్కుచెదరలేదు. పంటితో సరిచూసేవే చెడ్డాయి.

చేతిలో రుచి పోలేదు మాస్టరుగారూ. పన్ను పుచ్చింది. అంతే.

ఇంట్లో ఎలుకలున్నాయని ఇంటికే నిప్పు పెట్టుకుంటారా ఎవరైనా? ఆ ఎలుకని ఇప్పుడే బయటికి లాగాను. రేపటికి వాపు దిగుతుంది. రెండు మూడు రోజుల్లో బాదం పలుకు కొరికి చూడండి. నా మాట అబద్ధమైతే అప్పుడు తాళాలు ఇవ్వండి, కుళాయిలకి ఇస్తారో, తొట్లకి ఇస్తారో మీ ఇష్టం. సాయంత్రం మాత్రం ఇవ్వకండి.

అరే, కళ్ళెందుకు తుడుచుకుంటున్నారు? మత్తు దిగుతోందా? కాదా?

మీరలా చేస్తే నేను చెప్పాల్సింది మర్చిపోతాను.

ఒకటి అడుగుతాను. ఇవాళ మీరు ఈ డబ్బా నర్సు చేతికి ఇవ్వలేదు. ఆవిడ చెయ్యి చాపింది కూడా. మీరు ఆవిణ్ణి దాటుకుని వచ్చి నా చేతిలో పెట్టారు. 'పాపకి' అనలేదు. 'మీకు' అన్నారు. దవడ వాచింది కదా, మాట తడబడిందనుకున్నాను. తర్వాత డబ్బా తెరిచి చూస్తే కేకులో అన్నీ అంచు ముక్కలే.

పాపకి అంచు ముక్క ఇష్టమని నర్సు ఎప్పుడో ఒకసారి చెప్పింది. ట్రే అంచున కాస్త ఎర్రగా కాలి, కరకరలాడే ముక్క. అప్పటి నుంచీ ఒక్కరోజు తప్పకుండా అదే పంపారు. ఊరంతా అంచు ముక్కకి పోటీ పడతారట, మీరు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేవారట. నాకు ఏ ముక్క ఇష్టమో మా నాన్నకి తెలియదు, మా అమ్మకి తెలియదు. నాతో చదివినవాళ్ళకి తెలియదు. ఈ లోకంలో మీకొక్కరికే తెలుసు.

మీకు ఎప్పటి నుంచి తెలుసు మాస్టరుగారూ? ఆరేళ్ళ పాప ఆరేళ్ళే ఉండిపోయినప్పటి నుంచా? అంతకు ముందు నుంచా?

ఆ నవ్వు చూస్తే అంతకు ముందు నుంచే అనిపిస్తోంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

సరే, గుట్టు ఎలాగూ రట్టయింది, మిగిలింది కూడా చెప్పేస్తాను. ఈ వయసులో నాకిదేం తెగింపో చూడండి. నవ్వొస్తోంది కూడా. పఫ్‌లో చక్కెర తలకెక్కినట్టుంది.

మీరు కొట్టు మూస్తే నాకు కేకులు దొరకవని కాదు నా బాధ. దొరక్కపోతే ఏడుస్తాను, అది వేరే. మొదట్లో కేకు కోసమే మీ తలుపు వైపు చూసేదాన్ని, అందులో దాపరికం లేదు. తర్వాత కేకు రాని రోజు కూడా చూడటం మొదలుపెట్టాను. పొద్దున నేను తెర తీసేసరికి మీరు వెనకతలుపు దగ్గర నిలబడి చేతులకంటిన పిండి దులుపుకుంటూ ఉండాలి. ఒకసారి తలెత్తి ఇటు చూడాలి. అప్పుడు నా రోజు మొదలవుతుంది. ఆ తలుపులోంచి ఎవరో కుళాయిల పెట్టెలు మోసుకుంటూ కనబడితే, ఆ రోజు నేను ఒక పన్నుకి బదులు ఇంకో పన్ను పీకేస్తానేమో అని నా భయం.

మీ ఇంట్లో మీరొక్కరే. మా ఇంట్లో నేనొక్కదాన్నే. మీ ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. మా నాన్న ఉంటే ఒప్పుకునేవారు కాదు, మిమ్మల్ని కాదు, మీ పంచదారని. ఆయనా లేరు. మీకు రుచి చూడటానికి ఒక నాలుక కావాలి, నాకు ముందు తలుపులోంచి మీ కొట్లోకి రావడానికి ఒక వంక కావాలి. ఊళ్ళో వాళ్ళు నవ్వితే నవ్వనివ్వండి. పళ్ళ డాక్టరు బేకరీ మాస్టర్ని చేసుకుందని తెలిస్తే, కనీసం పొట్లాలు దాచుకోవడం మానేస్తారు.

అదండీ. అన్నాను. అనేశాను.

చెయ్యి ఎత్తారు. నొప్పా? కాదు కదా. దించకండి, దించకండి, ఈసారి చెల్లుతుంది. కానీ మీరు ఏదో చెప్పబోయే ముందు ఇంకొక్క మాట. కోప్పడకూడదు.

పన్ను పని అయిపోయి చాలాసేపైంది. మందు ఎప్పుడో ఆరింది. ఆ దూదితో పనేం లేదు, నేనే ఉంచాను. నోట్లో దూది ఉన్న మనిషి కాదనలేడు కదా అని. వింటున్నంతసేపైనా కాదనలేడు కదా అని.

ఇదిగో, తీసేస్తున్నాను. ఇది ఒకటి... ఇది రెండోది. అంతే.

ఇక మీరు నోరు మూసుకోవచ్చు. నేనూ మూసుకుంటాను.